రైతు భరోసా పడింది సరే, కౌలుకు చేసేవాళ్ల సంగతేంటి? మీ ఊళ్లో ఎట్లుందో చెప్పండి

పత్తిచేను_వరంగల్ (చర్చ మొదలుపెట్టినవారు)
25 జూన్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ విత్తనాల మాటలు, రేట్ల మాటలు చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఈ వారం మా ఇంట్లో జరిగిన దాని గురించి ఎవరికైనా చెప్పుకోవాలనిపించి రాస్తున్నా.

మాది వరంగల్ వైపు ఒక పల్లె. మూడెకరాలు సొంతం, నాన్న పేరు మీదే పట్టా ఉంది. ఇంకో ఏడెకరాలు కౌలుకు చేస్తాం. ఆ భూమి ఆసామి హైదరాబాద్‌లో ఉంటారు. మంచి మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడింది లేదు. మొన్న నాన్న ఫోన్‌కు రైతు భరోసా, అంటే పంటకింత అని సర్కారు ఇచ్చే పెట్టుబడి సాయం, పడ్డట్టు మెసేజ్ వచ్చింది. మూడెకరాలకు ఎకరానికి 6,000 చొప్పున 18,000. ఆ నాలుగైదు రోజుల్లోనే ఆసామికి మేం దున్నే ఏడెకరాల మీద 42,000 పడ్డాయి. నాన్న కోపంగా ఏమీ అనలేదు. "గింజ నేను పెట్టిన, పైసలు ఆయనకు పడ్డయి" అని ఒక్క మాట అని లేచి చేనుకు పోయాడు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

లెక్క చెప్తా. ఎకరానికి కౌలు 15,000. ఏడెకరాలకు 1,05,000, అదీ ముందే కట్టాలి. చేతిలో ఉండదు కాబట్టి నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తాం. పత్తి అమ్మే దాకా ఎనిమిది నెలలు వేసుకుంటే మిత్తే 16,800. అంటే సొంత భూమికి సర్కారు ఇచ్చిన 18,000 దాదాపు అంతా కౌలు భూమి మిత్తికే పోతుంది. 2018లో ఇదే సాయం రైతుబంధు పేరుతో మొదలైనప్పుడు మా దగ్గర కౌలు 10,000 ఉండేది. పెట్టుబడి సాయం వస్తే తగ్గుతుందేమో అనుకున్నాం. పెరిగింది.

రెండు విషయాలు అడుగుతున్నా. కౌలుదారుడి పేరు సర్కారు దగ్గర ఎక్కడైనా నమోదు అయ్యే దారి ఉందా? మీలో ఎవరైనా ఆసామితో మాట్లాడి కౌలు తగ్గించుకున్నారా? ఎట్లా అడిగారు?

మానేరు_ఒడ్డు
25 జూన్ 2025, రాత్రి 10:15

తమ్ముడూ, మాదీ ఇదే కథ. రైతుబంధు మొదలైంది మా కరీంనగర్ జిల్లాలోనే, 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర శాలపల్లిలో. మా ఊరి నుంచి ఆటోలు కట్టుకుని పోయారు. అప్పుడు ఒక్కో పంటకు ఎకరానికి 4,000, అదీ చెక్కు. బ్యాంకు ముందు లైన్లో నిలబడితే చెక్కు చేతిలో ఉన్నోళ్ల ముఖాలు వేరు, మా ముఖాలు వేరు. తర్వాతి ఏడాది 5,000 చేశారు. ఇప్పుడు 6,000. అంకె పెరిగినప్పుడల్లా మా దగ్గర కౌలు కూడా పెరుగుతూ వచ్చింది.

ఎన్నికల ముందు ఏడాదికి ఎకరానికి 15,000, కౌలు రైతులకు కూడా అన్నారు. వచ్చింది 12,000, అది పట్టా ఉన్నవాళ్లకే. నాకు పార్టీలతో పని లేదు. చెప్పిన మాట అడుగుతున్నా.

నగరంలో_ఆసామి
25 జూన్ 2025, రాత్రి 11:50

మీరు చెప్పిన ఆసామి స్థానంలో ఉన్నవాణ్ని నేను. నల్గొండ వైపు నాలుగెకరాలుంది, తాత గారి నుంచి వచ్చింది. ఉద్యోగం హైదరాబాద్‌లో. కౌలుకు ఇచ్చాను. మొన్న 24,000 పడ్డాయి.

నిజం చెప్తాను. ఆ డబ్బు గురించి నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు. భూమి నాది, సర్కారు వేసింది, తీసుకున్నాను. మీరు రాసిన మిత్తి లెక్క చదివాక మాత్రం నిద్ర పట్టలేదు. మా దగ్గర కౌలుకు చేసే ఆయన డబ్బు ఎక్కడి నుంచి తెస్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

మా వైపు మాట కూడా వినండి. కాగితం రాసివ్వండి అంటే మాకు భయం. మా తాత అన్నదమ్ముల్లో ఒకరి భూమి కౌలుదారు పేరు రికార్డులోకి ఎక్కాక ఇరవై ఏళ్లు కోర్టులో నలిగింది. ఆ కథలు వింటూ పెరిగినవాళ్లం. డబ్బు ఇవ్వడానికి ఇబ్బంది లేదు, సంతకం పెట్టడానికే ఇబ్బంది.

పాత_పహాణీ
26 జూన్ 2025, ఉదయం 6:30

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పగలను. ముప్పై ఏళ్లు రెవెన్యూలో చేసి రిటైర్ అయ్యాను.

తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం ఉంది. నిజాం కాలపు జాగీర్లు, దొరల భూముల నేపథ్యంలో కౌలుదారును కాపాడటానికి వచ్చిన చట్టం. రక్షిత కౌలుదారు అంటారు. తర్వాత ఆ చట్టంలోని 38ఈ సెక్షన్ కింద వాళ్లలో చాలామందికి యాజమాన్య హక్కు పత్రాలు కూడా వచ్చాయి. అది న్యాయమే. కానీ దాని నీడ ఇప్పటికీ పోలేదు. ఊళ్లో ఏ ఆసామిని అడిగినా 38ఈ అనే మాట తెలుసు. అందుకే కౌలంతా నోటి మాట మీదే నడుస్తోంది. కాపాడటానికి వచ్చిన చట్టం చివరికి కౌలుదారు పేరునే కాగితం మీద లేకుండా చేసింది.

పాత పహాణీలో, అంటే ఊరి భూముల రికార్డులో, పట్టాదారు కాలం పక్కనే అనుభవదారు కాలం ఉండేది. కాస్తులో ఎవరున్నారో అందులో రాసేవాళ్లం. తప్పులు జరిగాయి, డబ్బు తీసుకుని రాసినవాళ్లూ ఉన్నారు, కాదనను. 2017 చివర్లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది, కొత్త పాసుబుక్కులు వచ్చాయి, రైతుబంధు వాటి మీదే నిలబడింది. 2020 అక్టోబర్ 29న ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చాక అనుభవదారు కాలమే లేకుండా పోయింది. అంటే సర్కారు కంప్యూటర్‌కు మీ నాన్న ఆ ఏడెకరాల్లో కనపడడు బాబూ. నా చేత్తో ఆ కాలం నింపినవాణ్ని. అది ఎత్తేసిన రోజు ఏం పోయిందో నాకు తెలుసు.

మీ మొదటి ప్రశ్నకు వస్తే, 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. రుణ అర్హత కార్డు, ఏడాది గడువు. ఆసామి హక్కుకు ఏ భంగమూ లేదని చట్టంలోనే రాశారు. బ్యాంకు అప్పుకు, పంట నష్టానికి పనికొచ్చేది. ఆ చట్టాన్ని తెలంగాణలో ఎవరూ రద్దు చేయలేదు, అమలు చేయడమే మానేశారు. మీ తహసీల్దార్ ఆఫీసులో ఆ చట్టం పేరు రాసి అర్జీ ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి. పని అవుతుందని నేను మాట ఇవ్వలేను. కానీ అర్జీలు లేకపోతే అడిగినవాళ్లే లేరంటారు.

గోదావరి_కాలువగట్టు
26 జూన్ 2025, ఉదయం 8:05

మాది పశ్చిమ గోదావరి అండి. మా దగ్గర కార్డు ఉంది, అయినా గొడవ తీరలేదు. అందుకే రాస్తున్నాను.

2019లో ఆంధ్రాలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. సీసీఆర్‌సీ కార్డు అంటాం, పదకొండు నెలల ఒప్పందం. 2011 చట్టంలో ఆసామి సంతకం అక్కర్లేదు, ఊరి సభలో విచారించి ఇచ్చేవారు. ఇప్పుడు ఆసామి సంతకం ఉంటేనే కార్డు. అక్కడే మొత్తం ఆగిపోయింది. మా వీధిలో కౌలుకు చేసేవాళ్లం పదిహేను ఇళ్లుంటే కార్డు ఉన్నవి మూడు. మిగతావాళ్లు అడగడానికే భయపడతారు. అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుందని.

కౌలు ఇక్కడ డబ్బు కాదు, బస్తాలు. పంట పోయినా బస్తాలు కొలవాల్సిందే. తుఫానుకు చేను పడిపోయిన ఏడు నష్టపరిహారం ఆసామి ఖాతాలో పడింది. ఆయన మాకు సగం ఇచ్చాడు, దేవుడు చల్లగా చూడాలి. పక్క చేను ఆసామి పైసా ఇవ్వలేదు. ఒకే గాలికి పడిపోయిన రెండు చేలు అవి. మాకు రావలసింది ఇంకొకరి మంచితనాన్ని బట్టి ఉండటమే నాకు బాధ.

కందనూలు_అక్క
26 జూన్ 2025, మధ్యాహ్నం 2:20

సంతకం గురించి మాట్లాడుతున్నారు, మరి సొంత భూమి ఉండి కూడా పేరు లేనివాళ్ల సంగతి?

మా ఆయన 2022లో పోయారు. రెండెకరాల ఇరవై గుంటలు, మా మామ పేరు మీదే ఉండిపోయింది. మామ పోయి చాలా ఏళ్లయింది, విరాసత్, అంటే వారసుల పేరుకు మార్పించడం, ఎవరూ చేయించలేదు. ఊళ్లో అందరికీ అది మా ఆయన భూమే. దున్నింది ఆయన, అప్పు చేసింది ఆయన. రైతు బీమా అడగడానికి పోతే పాసుబుక్కులో ఆయన పేరు లేదు, ఆయన బీమాలోనే లేరు అన్నారు. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు పోతే 5 లక్షలు. మా ఆయనకు 41. ఆ 5 లక్షలు ఉంటే నా పెద్దబిడ్డ చదువు ఆగేది కాదు.

ఇది చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చేతులు జోడించి చెప్తున్నా. మీ ఇంట్లో తాత పేరు మీదో, పోయిన నాన్న పేరు మీదో భూమి ఉంటే ఈ వారమే మీసేవకు పోయి విరాసత్‌కు దరఖాస్తు పెట్టండి. అన్నదమ్ముల పంపకం తేలలేదని ఆగకండి. పేరు మారాక ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలిసి రైతు భరోసాకు, బీమాకు వేరువేరుగా ఫారాలు ఇవ్వాలి, నామినీ పేరు సరిగ్గా రాయించాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఉండాలంటారు కానీ, వారసత్వంగా వచ్చినదానికి ఆ గడువు వర్తించదు. అది నాకు ఏడాది తర్వాత తెలిసింది.

ఇప్పుడు భూమి నా పేరు మీదకు వచ్చింది. మొన్న 15,000 పడ్డాయి. మెసేజ్‌లో నా పేరు చూసుకుని చాలాసేపు అట్లనే కూర్చున్నా.

పత్తిచేను_వరంగల్
26 జూన్ 2025, రాత్రి 8:30

అక్కా, మీరు రాసింది నాన్నకు చదివి వినిపించా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, మన మూడెకరాల మీద బీమా ఉంది కదా, నామినీ మీ అమ్మ పేరే ఉందా చూడు అని. రేపు చూస్తా.

పహాణీ సారు, చాలా థ్యాంక్స్. 2011 చట్టం పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

మక్కచేను_బ్లూమింగ్టన్
27 జూన్ 2025, ఉదయం 7:10

నేను ఉండేది అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రం మెక్‌లీన్ కౌంటీ. మాది ఖమ్మం. ఇక్కడ ఉద్యోగం ఐటీ అయినా ఊరు దాటితే అంతా మక్క, సోయా. నాతో పనిచేసే ఒకాయన తండ్రి రైతు, ఆయన చేసే భూమిలో ఎక్కువ భాగం కౌలే. ఆయన్ని అడిగి తెలుసుకున్నది చెప్తా, మీ చర్చకు పనికొస్తుందని.

ఇక్కడ ప్రతి కౌంటీకి సేవలందించే వ్యవసాయ ఆఫీసు ఉంటుంది, దాని మీద రైతులే ఓట్లేసి ఎన్నుకునే కమిటీ ఉంటుంది. ఏటా జులై 15 లోపు రైతు పోయి ఏ చేనులో ఏం వేశాడో, అందులో తన వాటా ఎంతో రాసిస్తాడు. పంట ధర గానీ ఆదాయం గానీ పడిపోతే వచ్చే సర్కారు సాయం ఆ వాటాను బట్టి. నగదు కౌలు అయితే మొత్తం దున్నేవాడికే, ఆసామికి రాదు. ఎందుకంటే నష్టం భరించేది ఆసామి కాదు. పాలుకు ఇస్తే, సగం సగం అయితే, సాయం కూడా సగం సగం. నియమం ఒక్కటే: పంట పోతే ఎవరికి పోతుందో సాయం వాళ్లకి.

అంతా బాగుందని కాదు. ఎక్కువ భూమి చేసేవాళ్లకే ఎక్కువ డబ్బు వెళ్తుంది, మనిషికింత అని పరిమితి ఉన్నా కుటుంబంలో నలుగురి పేర్లు చూపించి పెంచుకుంటారు. సాయం ఎక్కువ వచ్చిన ఏడు కౌలు పెంచమని ఆసాములు ఇక్కడా అడుగుతారు. ఒకటి మాత్రం నాకు నచ్చింది. ఏ కౌంటీలో ఎవరికి ఎంత వచ్చిందో పేరుతో సహా ఎవరైనా చూసుకోవచ్చు. ఒక సంస్థ సర్కారు లెక్కలు తీసుకుని నెట్‌లో పెట్టింది.

మానేరు_ఒడ్డు
27 జూన్ 2025, ఉదయం 9:00

పంట పోతే ఎవరికి పోతుందో వాళ్లకి. ఇది మన దగ్గర గోడ మీద రాసి పెట్టాలన్నా.

ఇంకో మాట. మన దగ్గర పరిమితే లేదు. యాభై ఎకరాలున్న ఆయనకు రైతుబంధు కాలంలో ఏడాదికి 5 లక్షలు వచ్చేది, రెండెకరాలోడికి 20,000. గుట్టలకు, వెంచర్లకు, రోడ్డు కింద పోయిన భూములకు కూడా పడ్డాయి. ఈసారి సాగుకు పనికిరాని భూములు తీసేశారు, అది మంచి పనే. అట్లనే పదెకరాలకు మించి ఇవ్వొద్దు.

ఎర్రనేల_పన్నెండెకరాలు
27 జూన్ 2025, సాయంత్రం 5:45

పదెకరాల దగ్గర గీత గీయడం తేలికే. నాకు పన్నెండెకరాలుంది. దేవరకొండ అవతల. అంతా మెట్ట, ఎర్రనేల, మూడు బోర్లు ఎండిపోయాయి. పత్తి, కంది తప్ప ఇంకోటి రాదు. కాలువ కింద మూడెకరాల వరి చేసే మా బావమరిది నాకంటే నిలకడగా ఉన్నాడు. పన్నెండెకరాల ఆసామి అని నన్ను పెద్దరైతు లెక్కలో వేస్తే ఆ రెండెకరాల సాయం పోయినట్టే. వానకు ఆగే చేనును, కాలువ నీళ్లున్న చేనును ఒకే గజంతో కొలవొద్దు.

మానేరు_ఒడ్డు
27 జూన్ 2025, సాయంత్రం 6:20

అన్నా, మీరన్నది నిజం. నేను కాలువ కింద ఉన్నోణ్ని, నాకు అది తట్టలేదు. మెట్టకు వేరు, తరికి వేరు పరిమితి ఉండాలంటే ఒప్పుకుంటా. కానీ దున్ననివాడికి ఇవ్వడం మీద మాత్రం నా మాట మారదు.

ఎర్రనేల_పన్నెండెకరాలు
27 జూన్ 2025, సాయంత్రం 6:32

దాని మీద నేనూ మీతోనే.

అడవిఅంచు_ఉట్నూరు
28 జూన్ 2025, మధ్యాహ్నం 12:10

అడవి భూముల్లో పోడు సాగు చేసేవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. మాకు 2023 జూన్ 30న ఆసిఫాబాద్ సభతో పట్టాలు మొదలుపెట్టారు, రాష్ట్రం మొత్తం మీద నాలుగు లక్షల ఎకరాలకు పైగా. అవి వచ్చిన తర్వాతే మాకు రైతుబంధు. దానికి ముందు ముప్పై ఏళ్లు అదే చేను దున్నాం, ఏ లిస్టులో లేం. పట్టా వచ్చినవాళ్లకు ఇప్పుడు రైతు భరోసా కూడా పడుతోంది. మా గూడెంలో ఇంకా రానివాళ్లున్నారు. వాళ్ల చేను, మా చేను మధ్య గట్టు ఒక్కటే తేడా.

ఏఈఓ_మిత్రుడు
28 జూన్ 2025, రాత్రి 9:25

పేరు, మండలం చెప్పలేను, ఉద్యోగం అట్లాంటిది. వ్యవసాయ విస్తరణ అధికారిగా చేస్తున్నా. ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక ఏఈఓ, ఒక రైతు వేదిక అని పెట్టారు. రాష్ట్రంలో అలాంటివి 2,601. నా క్లస్టర్‌లో ఏ చేను ఎవరు దున్నుతున్నారో నాకు దాదాపు అంతా తెలుసు. పంట నమోదుకు పోతే గట్టు మీద నాతో మాట్లాడేది కౌలుదారే. తెగులు వచ్చిందని ఫొటో పంపేది ఆయనే. డబ్బు మాత్రం భూమి రికార్డు నుంచి నేరుగా పోతుంది, అందులో మా చెయ్యి ఉండదు. ఊళ్లోకి పోతే తిట్లు మాకు పడతాయి. తిట్టేవాళ్ల మీద నాకు కోపం రాదు, వాళ్ల బాధ నాకు తెలుసు.

వరంగల్ తమ్ముడికి నేను చెప్పేది రెండు. పంట నమోదు సమయంలో మీ నాన్న చేనులో ఉండాలి. ఏఈఓకు ఫలానా సర్వే నంబర్ కౌలుకు చేస్తున్నానని చెప్పి, మీ దగ్గర ఉన్న కాగితం చూపించాలి. దాంతో రైతు భరోసా రాదు. కానీ పత్తి, వడ్లు అమ్మేటప్పుడు కౌలుదారని ధ్రువీకరించడానికి మాకు ఆధారం ఉంటుంది, పంట డబ్బు ఆసామి ఖాతాకు పోయి తిరిగి రావడం తప్పించే ప్రయత్నం చేయొచ్చు.

రెండోది, డబ్బు పడలేదని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి సమస్య బ్యాంకు దగ్గరే. బ్యాంకులు కలిసిపోయాక పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది, రైతు ఇచ్చిన పాత నంబరే ఉండిపోయింది. పీఎం కిసాన్ అయితే ఆధార్ ఏ ఖాతాకు లింకై ఉంటే అందులో పడుతుంది. ఎప్పుడో తీసి మర్చిపోయిన ఖాతాలో మూడు విడతలు ఉన్నవాళ్లను చూశాను. బ్యాంకుకు పోయి ఆధార్ ఏ ఖాతాకు ఉందో అడగండి, ఈకేవైసీ పూర్తి చేయండి.

కౌలుబిడ్డ_మధిర
29 జూన్ 2025, ఉదయం 10:40

మాకు గుంట భూమి కూడా లేదు. కౌలు, కూలి రెండూ చేస్తాం. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఏడాదికి 12,000 అన్నారు కదా, దానికి ఉపాధి హామీలో కనీసం ఇరవై రోజులు పనిచేసి ఉండాలి. మా అమ్మానాన్న కౌలు చేనులోనే ఉండి ఉపాధి పనికి పోలేదు. అట్లా ఇటు రైతుల్లో లేం, అటు కూలీల్లో లేం. ఎవరైనా ఎంఎల్ఏను కలిసి కౌలుదారుల కోసం మాట్లాడాలనుకుంటే నేనూ వస్తా. ఖమ్మం జిల్లా వాళ్లు ఇక్కడ చెప్పండి.

మక్కచేను_బ్లూమింగ్టన్
29 జూన్ 2025, రాత్రి 9:15

మాది మధిర పక్కనే. మా నాన్న ఊళ్లోనే ఉన్నారు, మూడెకరాలు కౌలుకు ఇచ్చారు. ఆయన్ని మీతో పంపిస్తా. ఆసామి కూడా వచ్చి అడిగితే వినే తీరు వేరుగా ఉంటుంది.

నగరంలో_ఆసామి
6 జులై 2025, రాత్రి 8:50

వారం రోజులు ఆలోచించాను, ఊరికి పోయి వచ్చాను. మా చేను చేసే ఆయనతో కూర్చున్నాను. మొదట ఆయన భూమి తీసేసుకుంటానేమో అనుకుని బెదిరిపోయాడు. అది చూసి నాకు చాలా సిగ్గేసింది. చివరికి ఒప్పుకున్నది ఇది: పడిన 24,000 ఈ సీజన్ కౌలులో తగ్గిస్తాను. యాసంగికి వస్తే అదీ అంతే. కౌలు ముందే కాకుండా సగం ఇప్పుడు, సగం పంట అమ్మాక.

కాగితం విషయంలో పహాణీ గారు, మీ సాయం కావాలి. నా హక్కు పోకుండా, ఆయనకు ఏఈఓ దగ్గర చెల్లేలా ఏం రాయాలి?

పాత_పహాణీ
7 జులై 2025, ఉదయం 6:15

చాలా సంతోషం. ఏఈఓ దగ్గర పంట నమోదుకు, అమ్మకానికి చూపించేందుకు అయితే పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఒక తెల్లకాగితం మీద మీ ఇద్దరి పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ సీజన్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, కౌలు ఎంత, ఎప్పుడెప్పుడు ఇవ్వాలి. ఈ సీజన్ సాగు వరకే అని, పంట అమ్మే డబ్బు సాగుదారుదే అని రాయండి. ఊరివాళ్లు ఇద్దరు సాక్షులు. ఏటా కొత్త కాగితం రాసుకోండి. మీ భయం పూర్తిగా తీరాలంటే సంతకానికి ముందు ఒకసారి వకీలుకు చూపించండి, 1950 చట్టం ఇంకా ఉంది కాబట్టి చెప్తున్నా.

పత్తిచేను_వరంగల్
13 జులై 2025, రాత్రి 10:05

అందరికీ చెప్పాలని వచ్చా. నామినీ అమ్మ పేరే ఉంది, చూశా.

2011 చట్టం పేరుతో అర్జీ ఇచ్చాం. మా ఊరి నుంచి నేను ఒక్కణ్నే పోదామనుకుంటే పదకొండు మంది వచ్చారు. అక్కడ మొదట అట్లాంటిదేమీ లేదన్నారు, పహాణీ సారు చెప్పినట్టు ఏడాది, పేరు చెప్పి నిలబడితే తీసుకుని రసీదు ఇచ్చారు. పదకొండు రసీదులూ జిరాక్స్ తీసి ఒక ఫైల్‌లో పెట్టా.

ఆసామి గారికి ఫోన్ చేసింది నాన్నే. నేను పక్కన కూర్చున్నా. ఈ చర్చ లింకు ఆయనకు ముందే పంపించా. చదివానన్నారు. మొత్తం 42,000 తగ్గించలేను, బిడ్డ పెళ్లి ఉంది, ఎకరానికి మూడు వేలు తగ్గిస్తా అన్నారు. అంటే 21,000. నాన్న మూడెకరాలకు పడ్డ దానికంటే ఎక్కువే అది. మిగతాది యాసంగిలో మాట్లాడుకుందాం అన్నారు. కాగితం మీద మాత్రం ఇంకా తేల్చలేదు, దసరాకు ఊరికి వచ్చినప్పుడు చూద్దామన్నారు.

పంట నమోదు మొదలయ్యాక మా ఏఈఓ మా వైపు వస్తానన్నారు. ఆ రోజు పొద్దున్నే చేను గట్టు మీద ఉంటానని నాన్న అప్పుడే నాలుగుసార్లు చెప్పాడు. ఏఈఓ అన్నా, ఆసామి కాగితం రాసివ్వక ముందు ఆ ఏడెకరాలకు మేం ఏం చూపించాలి? కౌలు డబ్బు ఫోన్‌లో పంపిన రసీదులు ఉన్నాయి, మూడేళ్లవి. అవి సరిపోతాయా?

ఏఈఓ_మిత్రుడు
13 జులై 2025, రాత్రి 10:48

మూడేళ్లవీ ప్రింట్ తీయించు. ఆసామితో అక్కడికక్కడ ఫోన్‌లో మాట్లాడిస్తానని మీ ఏఈఓకు చెప్పు. గట్టు పక్క రైతులు ఇద్దరినీ రమ్మను.